వెంకటరావమ్మ చూడాలన్న ఊళ్ళు

లాంచీ కూత వేసేలోపు మెళ్ళో ఉన్న సవతి పుస్తె తీసి నీళ్ళలో వదిలెయ్యాలి, అంతే కదా పని, దీనికింత ఆలోచన ఏమిటి అనుకుంది సామ్రాజ్యం. అనుకుని రేవు మెట్టు మీద అలాగే కూర్చుంది. మొగుడు శ్రీమన్నారాయణ మళ్ళీ కొండెక్కాడు. పొద్దున చూసిన రాతిబొమ్మలే మళ్ళీ చూసొస్తానన్నాడు, పాపం, బొమ్మల మీద అంత ప్రేమ ఉండి కాదు, ఇక్కడ నిలబడకూడదు కాబట్టి వెళ్ళాడు. అత్తగారు వెంకాయమ్మ బయల్దేరేటప్పుడే గడప దగ్గర అడ్డం నిలబడి మరీ చెప్పింది. "నువ్వు చూడమాకరా అబ్బాయ్. ఆడది కట్టుకున్నది ఆడదే తియ్యాల. అమ్మాయ్, నువ్వు తీసి వదిలేసి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చెయ్. దాంతో దాని రుణం తీరిపోద్ది." అత్తగారికి అన్నీ తెలుసు. తెలియందల్లా ఈ మెట్టు మీద కూర్చుంటే ఎలా ఉంటుందో అది ఒక్కటే. మాచర్ల దాకా రైల్లో, అక్కణ్ణించి బస్సులో, బస్సు దిగి లాంచీలో వచ్చి, ఎండ నడినెత్తిన ఉండగా, ఇన్ని నీళ్ళ నడుమ నాగార్జునకొండ రేవులో కూర్చుంటే ఒంటరితనం రావాలా వద్దా? రాలేదు. అదే సామ్రాజ్యానికి భయంగా ఉంది. ఒంటరిగా కూర్చుని కూడా ఒంటరిగా ఉన్నట్టు లేదు.

నీళ్ళు కదలడం లేదు. గాలి ఎక్కడో ఆగిపోయింది. ఇదంతా మొన్న మొన్నటి దాకా లోయ, ఊళ్ళు, చేలు, బావులు, గొడ్ల చావిళ్ళు. ఆనకట్ట కట్టారు, కృష్ణ వెనక్కి నిలబడింది, అన్నీ కిందే ఉండిపోయాయి. తవ్వకాల్లో దొరికిన రాతిబొమ్మల్ని మాత్రం జాగ్రత్తగా కొండ మీదికెక్కించి ఇల్లు కట్టి పెట్టారు. పొద్దున ఆ ఇంట్లో తిరుగుతుంటే చల్లగా ఉంది, బొమ్మలకి కొన్నిటికి ముక్కుల్లేవు, కొన్నిటికి తలల్లేవు, అయినా అన్నీ ఎవరో వచ్చారని తెలిసినట్టే నిలబడి ఉన్నాయి. "చూశావా?" అన్నాడు శ్రీమన్నారాయణ. ఆ మాట అనేటప్పుడు ఆయన కళ్ళు ఎక్కడుంటాయో సామ్రాజ్యానికి చూడకుండానే తెలుసు. మొహం మీద ఉండవు. మెడ కింద, పైట అంచు దగ్గర, పుస్తెల మీద ఉంటాయి. రెండు పుస్తెలు తనవి, ఒకటి పుట్టింటివాళ్ళు పెట్టింది, ఒకటి అత్తింటివాళ్ళు పెట్టింది, అందరి ఆడవాళ్ళకీ ఉన్నట్టే. మూడోది చిన్నది, చచ్చిపోయిన మొదటి పెళ్ళాం వెంకటరావమ్మ పేరున రెండో పెళ్ళాం మెళ్ళో వేసేది. చచ్చిపోయినామెకి కోపం రాకుండా, నా చోటు నాకుందిలే అనుకుని ఊరుకునేలా. అదుగో, దాన్ని చూసే ఆయన అడిగేది.

అద్దంకిలో పెళ్ళిచూపులప్పుడు నాన్న అంకమ్మరావు ఏమీ దాచలేదు, రెండో సంబంధమమ్మా, అబ్బాయి నిదానస్తుడు, ఇరవై ఎకరాల నల్లరేగడి, మిరప, పత్తి, కష్టం లేదు అన్నాడు. కష్టం లేదు, నిజమే. పెళ్ళిపీటల మీద తాళి కంటే ముందు ఈ చిన్న బిళ్ళ మెళ్ళో పడింది, పడగానే చల్లగా తగిలింది, బావిలోంచి తీసిన చెంబు తగిలినట్టు. ఏ పండక్కి చీర తెచ్చినా ముందు దేవుడి గూటి దగ్గర పసుపుముద్ద ముందు పెట్టేవాళ్ళు, "అమ్మా వెంకటరావమ్మా, ముందు నువ్వు కట్టుకో" అని అత్తగారు దణ్ణం పెట్టేది, తరవాత తియ్యమనేది. ఏం చెప్పాలి, ఒక్క చీర కూడా మడతమీద ఉన్నది కట్టుకున్నట్టు అనిపించేది కాదు. ఎవరో ఒకరోజు కట్టి విడిచినట్టు, కుచ్చిళ్ళు ఎక్కడ పడాలో చీరకే తెలిసినట్టు ఉండేది. అద్దంకి వైపు వాళ్ళది పొగాకు, మిరపకాయ చేత్తో తాకిన పిల్ల కాదు. మొదటి ఏడు కళ్ళంలో మిరపకాయలు తిరగేస్తే రాత్రంతా చేతులు మండి మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూర్చుంది. తుమ్ములు, కళ్ళ వెంట నీళ్ళు. కూలికొచ్చిన ఆడవాళ్ళు నవ్వారు, మా వెంకటరావమ్మయితే కళ్ళంలో నిద్ర కూడా పోయేది, చేతికి మంట అనేదే ఉండేది కాదు అన్నారు. రెండో ఏడు సామ్రాజ్యం చేతులు మండలేదు. కూలీలంతా తుమ్ముతుంటే ఆమెకి తుమ్ము రాలేదు. ఎవరూ నవ్వలేదు ఈసారి. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని కాయలు ఏరుకున్నారు.

ఆ తరవాతే సామ్రాజ్యానికి జ్వరం. వస్తే వారం ఉండేది, పోతే పదిరోజులు రాదు. డాక్టరు ఇంజక్షన్లు చేశాడు, వెంకాయమ్మ సోదె చెప్పించింది. సోదెమ్మ మరో మాట లేకుండా అడిగిందట, చూపిస్తానన్నవాడు చూపించలేదేం అని. శ్రీమన్నారాయణ అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఏడ్చాడు. అప్పటిదాకా ఆ మనిషికి ఏడుపు వచ్చని సామ్రాజ్యానికి తెలియదు. వెంకటరావమ్మకి క్షయ, రెండేళ్ళు మంచం మీదే ఉంది, మంచం మీద పడుకుని ఊళ్ళు అడిగేది, మంగళగిరి కొండ చూపించు, సముద్రం చూపించు, చివరికి మా ఊరు చూపించు అని. నువ్వు మంచం దిగవే, అన్నీ తిప్పుతా అని ఆయన ఒట్టేశాడు. ఆమె మంచం దిగలేదు, దించారు. అప్పటికి వాళ్ళ ఊరు ఇంకా నేల మీదే ఉంది. ఒకసారి బండి కట్టుకుని తీసుకుపోతే సరిపోయేది. మిరపకాయలు అమ్మాక వెళదాం అన్నాడట. ఆ ఒక్క ముక్క ఎన్నిసార్లు తలుచుకుని ఉంటాడో!

అలా మొదలైంది తిరగడం. కాయలు అమ్ముడుపోయి, పొలాలు ఖాళీ అయి, ఎండలు ముదిరేవేళకి ఏడాదికో చోటు. ఊళ్ళో ఆడవాళ్ళకి చెప్పలేనంత కుళ్ళు. మల్లేశ్వరి అయితే బావి దగ్గర మొహాన్నే అంది, "పిల్లాజెల్లా లేరు, హాయిగా మొగుడు షికార్లు తిప్పుతున్నాడు, పెట్టిపుట్టావే తల్లీ. మా ఆయన పెదకాకాని తిరణాలకి కూడా తీసకపోడు." సామ్రాజ్యం నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది, మావారు తిప్పేది నన్ను కాదే, నా మెళ్ళో దాన్ని, నేను దానికి కొయ్యమేకుని అని చెబుతుందా? నిజం చెప్పొద్దూ, మొదట్లో ఆమెకీ అలా తోచలేదు. మంగళగిరి మెట్లెక్కుతుంటే ఆయన చెయ్యందించాడు. అయ్యో, ఆ చెయ్యి! కాపురానికొచ్చాక అన్నం పెట్టు, నీళ్ళు తోడు తప్ప మాట లేని మనిషి, అంతమందిలో, మెట్టు మెట్టుకీ, ఆయాసమొస్తోందా, కూర్చుందామా, చిన్నగా వెయ్యి అడుగు అని. ఎవరికొచ్చింది ఆయాసం? అద్దంకి పిల్లకి కొండలు కొత్తా? క్షయ మనిషికి కదా ఆయాసం. ఆ సంగతి పైకెక్కాక కానీ తట్టలేదు. పైన పూజారి శంఖంతో స్వామి నోట్లో పానకం పోశాడు, చీకట్లో లోపల ఎక్కడో గుటక వేసిన చప్పుడు, గుడగుడమని, ఒక నిజం గొంతు తాగుతున్నట్టే. సగం తాగి ఆగిపోయింది. మిగతా సగం ప్రసాదం. ఆ గుటక పడ్డప్పుడు సామ్రాజ్యం గొంతులోంచి తియ్యగా దిగింది, మిరియం ఘాటుతో సహా, ఇంకా ఆమె చేతిలో ప్రసాదం పడనేలేదు. శ్రీమన్నారాయణ ఆమె మెడవైపు వంగి మెల్లగా అడిగాడు, "దాహం తీరిందా?" తీరింది అని సామ్రాజ్యం నోరు అంది. తీరింది కూడా.

మరి సూర్యలంక? అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో ఒక పక్క సంతోషం, ఒక పక్క చలి. బాపట్లలో రైలు దిగి బండి కట్టించుకుని వెళ్ళారు. సరుగుడు తోట దాటగానే అంత నీళ్ళు ఒక్కసారి మీదికొచ్చాయి. సామ్రాజ్యానికి నీళ్ళంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు గుండ్లకమ్మలో కాలుజారి ఊపిరాడక తిరిగొచ్చిన పిల్ల. ఒడ్డునే ఉంటానండీ అందామనుకుంది. కాళ్ళు నడిచాయి. చీర తడిసింది, మోకాళ్ళు తడిశాయి, ఇంకా నడుస్తున్నాయి కాళ్ళు, లోపల గుండె వద్దు వద్దని కొట్టుకుంటూనే ఉంది, నోరు మాత్రం నవ్వుతోంది, కిలకిలా, ఎప్పుడూ తను నవ్వని నవ్వు. ఆయన పరుగున వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. చిన్నపిల్లాడిలా గెంతాడు. నీకు భయం లేదని నాకు తెలుసు, కృష్ణ ఒడ్డున పుట్టినదానివి అన్నాడు. సామ్రాజ్యం పుట్టింది కృష్ణ ఒడ్డున కాదు. అయినా ఆ చేతులు పట్టుకున్నవి సామ్రాజ్యం చేతుల్నే కదా, వెచ్చదనం తగిలింది ఈ చర్మానికే కదా. ఆ సాయంత్రం ఇసకలో కూర్చుని ఆయన ఎన్ని కబుర్లు చెప్పాడని! జీవితంలో అంత సుఖంగా ఎప్పుడూ లేదు. ఆ సుఖంలో తన వాటా ఎంతో తేల్చుకోలేక రైల్లో కిటికీ పక్కన కళ్ళు మూసుకుంది. రిజర్వేషనేమీ లేదు, బెంచీ మీద జనం కిక్కిరిసి ఉన్నారు, అయినా ఆయన తమ ఇద్దరి నడుమ కాస్త చోటు వదిలి కూర్చున్నాడు. ఎవరో కూర్చోబోతే మనుషులున్నారండి అన్నాడు.

"కాయలమ్మా, ఉడకేసిన కాయలు!"

ఉలిక్కిపడింది. వేరుశెనక్కాయల గంప పక్కన దించి, ఒక పెద్దావిడ రెండు మెట్ల కింద కూలబడింది. లాంచీలో వచ్చేపోయే జనానికి అమ్ముకునే మనిషి, పొద్దున లాంచీ నడిపే గౌస్ బాషా ఆమెను రెబ్కమ్మా అని పిలవడం విన్నది సామ్రాజ్యం. రెబ్కమ్మ మొహం తుడుచుకుంటూ తేరిపారజూసింది. చూస్తూ చూస్తూ చేతిలో గుడ్డ ఆపేసింది.

"నువ్వు కోటిలింగంగారి అమ్మాయివి గాదూ? వెంకటరావమ్మవి! మెట్లు దిగుతుంటేనే అనుకున్నా, ఈ నడక మా ఊరి నడకేనని. ఏ ఊరు ఇచ్చారమ్మా నిన్ను?"

కాదండీ, ఆవిడ పోయింది, నేను ఆవిడ తరవాత వచ్చినదాన్ని, నా పేరు సామ్రాజ్యం, మాది అద్దంకి. ఎంత సేపు పడుతుంది చెప్పడానికి? నోటి దాకా వచ్చింది. వచ్చి అక్కడే నిలబడిపోయింది. "గుంటూరు దగ్గర" అంది.

"బాగున్నావా తల్లీ? జబ్బు జేసిందన్నారే."

"తగ్గింది."

రెబ్కమ్మ దోసెడు కాయలు ఒళ్ళో పోసింది, ఊరి పిల్ల దగ్గర డబ్బులేంటి అని కసిరింది. తరవాత నీళ్ళ వైపు చెయ్యి చాచి, అదుగో మీ ఇల్లు ఆ కిందనే, మా పేట దాని పక్కన, చర్చి గంట కూడా దించుకోలేకపోయాం అంటూ చూపించింది. వేలు చూపించిన చోటికి సామ్రాజ్యం కళ్ళు వేలి కంటే ముందే వెళ్ళి ఉన్నాయి. పచ్చటి నీళ్ళే, ఏమీ లేదు. కానీ ఆ చోట గుమ్మం దక్షిణానికి ఉంటుందని, గుమ్మంలో రోలు ఉంటుందని, రోటికి ఒక పక్క పెచ్చు ఊడి ఉంటుందని తెలుస్తోంది. ఎలా తెలుస్తోందని భయపడాలి. భయపడాల్సిన మనిషి ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది. రెబ్కమ్మ గంపెత్తుకుని కొండవైపు వెళ్ళిపోయింది.

కాయలు ఒళ్ళోనే ఉన్నాయి. తీసెయ్, తీసి పారెయ్ అనుకుంది సామ్రాజ్యం గట్టిగా. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన ఘడియ ఇది. ఇవాళ్టితో ఆమె అడిగిన ఊళ్ళన్నీ అయిపోయాయి, ఆమె తన ఊళ్ళో తాను ఉండిపోతుంది, నేను నా ఇంటికి నేను పోతాను. ఆయనా నేనూ. ఆయన నన్ను చూస్తాడు, నన్ను. పేరు పెట్టి పిలుస్తాడేమో. పెళ్ళయినప్పటి నించీ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ నోట సామ్రాజ్యం అన్న మాట రాలేదు. ఏమే, ఇదిగో, ఎక్కడున్నావ్, ఇవే. మొగుళ్ళందరూ అంతేలే అని సరిపెట్టుకుంది, కానీ సరిపడలేదు. మల్లేశ్వరిని వాళ్ళాయన వీధి చివర్నించి మల్లీ అని కేకేస్తాడు, తిట్టడానికే అయినా కేకేస్తాడు. ఒక్కసారి పిలిస్తే చాలు అనుకున్న రాత్రులు ఎన్ని! సరే, తీసేశాక పిలవకపోతే? అసలు తీసేశాక ఏం మిగులుతుంది? మెట్టు మెట్టుకీ అందిన ఆ చెయ్యి ఎవరిది, ఇసకలో కబుర్లెవరివి, దాహం తీరిందా అన్న ఆ గొంతు ఎవరి కోసం? అవన్నీ ఈ చిన్న బిళ్ళతో పాటు మునిగిపోతాయి. మిగిలేది మొదటి ఏడు కాపురం. అన్నం పెట్టు, నీళ్ళు తోడు. మిరపకాయలకి మండే చేతులు. అద్దంకి సామ్రాజ్యాన్ని ఎవరు కావాలన్నారు? ఎవరూ అడగలేదు. రెండో సంబంధానికి ఎవరో ఒకరు కావాలి కాబట్టి తెచ్చారు.

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరో వీపు నిమిరినట్టు గాలి కదిలింది, అది గాలే, నీటి మీద ముడత కూడా లేచింది. ఈమె లేకపోతే నేను ఇంట్లో ఎవరితో ఉంటాను అనిపించింది, చప్పున అనిపించింది, సవతి మీద జాలి కాదు, తన మీద తనకి జాలి. మధ్యాహ్నాలు పత్తి ఒలుస్తూ ఒక్కతే కూర్చున్నప్పుడు మెడ దగ్గర ఆ చల్లదనమే తోడు. నా మాట విన్నది ఆ ఇంట్లో అదొక్కటే.

పైన ఇనప రేకు మీద మోగినట్టు గౌస్ బాషా గొంతు వినబడింది. "లాంచీ బయలెల్లుద్దండీ, అందరూ దిగాల, మళ్ళా రేపటిదాకా లేదు!"

వెంకాయమ్మ కొంగున కట్టి ఇచ్చిన దారం తీసింది, పసుపుకొమ్ము కట్టిన దారం. మెడ వట్టిగా ఉండకూడదు కదా, ముందది కట్టుకుంది. తరవాత పసుపుతాడు ముడి విప్పి ఒళ్ళో పెట్టుకుంది. కాయల మధ్య మూడు పుస్తెలూ ఎండకి మెరిశాయి. అత్తింటిది బరువైనది, దాన్ని ముట్టుకోలేదు, ఆయన చల్లగా ఉండాలి. చిన్నదాన్ని తాడులోంచి తీసి వేళ్ళతో పట్టుకుంది. ఎండలో అంతసేపున్నా చల్లగానే ఉంది. ఒక్క క్షణం అలాగే పట్టుకుని, తిరిగి తాడుకి ఎక్కించింది. రెండో పక్కన పుట్టింటి పుస్తె ఉంది, అద్దంకి కంసాలి చేసింది, పలచటిది, నాన్న అంకమ్మరావు పొగాకు బేళ్ళు ముందుగా అమ్మి చేయించింది, సామ్రాజ్యం అనే పిల్ల ఫలానా ఇంట్లో పుట్టిందని చెప్పేది ఒంటి మీద ఇంకేదీ లేదు, ఇదొక్కటే. నాన్నా, ఏమనుకోకు అంది పైకే. నాకు ఆ చెయ్యి కావాలి నాన్నా. ఆ పలచటి పుస్తెని తాడులోంచి తీసి నీళ్ళలోకి వదిలింది. చప్పుడు కాలేదు. వెలుతురు ఉన్నంత లోతు వరకూ మెరుస్తూ పోయి, ఆ దక్షిణపు గుమ్మం వైపు వాలి, కనపడకుండా పోయింది.

తాడు ముడి వేసుకుంది. తిరిగి చూడకూడదన్నారు, చూడలేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు.

"వదిలావా?" శ్రీమన్నారాయణ పై మెట్టు మీదే ఆగి అడిగాడు.

"వదిలానండీ." పైట నిండా కప్పుకుంది.

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. ఎంతోసేపు మోసిన బస్తా దించినవాడిలా రొప్పాడు, కండువాతో మొహం తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. అప్పుడు చూశాడు. మెడవైపు కాదు, తిన్నగా మొహంలోకి. ఎన్నడూ చూడనిదాన్ని చూసినట్టు, కనుబొమలు, చెంపలు, పెదవి పక్కన పుట్టుమచ్చ, ఒక్కొక్కటీ చూశాడు.

"అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది" అన్నాడు. "అది మనింట్లో ఉన్నంతకాలం నిన్ను పేరెట్టి పిలవకూడదని. పిలిస్తే నీ మీద పగబట్టుద్దని. సూర్యలంకలో నీ చేతులు పట్టుకున్నప్పుడు నోటిదాకా వచ్చింది, పళ్ళ బిగువున ఆపుకున్నా. దానికి చూపిస్తున్నాననే పేరు పెట్టి, మాటలు దానితో అంటున్నట్టే అంటూ, నిన్నే తిప్పుకున్నానే. నీ మొహం చూస్తే పేరు వచ్చేస్తుందని మొహమే చూడలేదు." లేచి నిలబడ్డాడు. నవ్వాడు, ఏడుస్తూనే. కొండలు వినేలా, ఆపుకున్నదంతా ఒక్కసారిగా వదిలినట్టు పిలిచాడు.

"సామ్రాజ్యం! రా, మనింటికి పోదాం."

ఎవరిని పిలుస్తున్నాడు అనుకుంది ఆమె. రేవులో ఇంకెవరైనా ఆడమనిషి ఉందేమోనని అటూ ఇటూ చూసింది. ఆ పేరు ఎక్కడో విన్నదే, ఎవరిదో గుర్తు రావడం లేదు.

"ఆఁ, వస్తున్నానండీ" అని అద్దంకి యాసలో, వెనక, నీళ్ళలోంచి పలికింది ఒక గొంతు.

శ్రీమన్నారాయణ ఒక మెట్టు దిగి, ఆమె భుజం పక్కనుంచి నీళ్ళవైపు చెయ్యి చాచాడు.